తోకెత్తిన సారీ

మనమందరం సారీ ఊరికే చెప్పేస్తుంటాం. అతను మాత్రం జీతం తీసుకుని చెప్పేవాడు. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం అతనిది. పొద్దున్నే చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటే చాలు, నీళ్లు కారే మెషీన్లూ, చల్లబడని ఫ్రిజ్‌లూ, వస్తానని చెప్పి రాని మెకానిక్కులూ అన్నీ నేరుగా అతని చెవిలోకే దిగేవి. అవతలివాళ్ల ఆయాసం తీరేదాకా తిట్లన్నీ విని, చివర్లో ఒక్క మాట అనేవాడు. ఆ మాట వింటే ఎంతటి కోపిష్టివాడైనా "సరేలెండి, మధ్యలో మీరేం చేస్తారు పాపం" అని దిగొచ్చేవాడు. ఆఫీసులో అందరూ అతన్ని వెన్నగొంతు అనేవాళ్లు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చిందే. ధైర్యం మాత్రం దాంతోపాటు రాలేదు. చిన్నప్పుడు గాజు జగ్గు పగలగొట్టినా, పక్కింటి కిటికీ అద్దానికి బంతి తగిలినా, తలుపు చాటున నక్కి గోడకేసి చూస్తూ నిలబడేవాడు. నోరు పెగిలేది కాదు. అక్క వెళ్లి "నేనే చేశాను" అని అతని బదులు తిట్లు తినేది. అతను తలుపు సందులోంచి అదంతా చూసేవాడు. ఆమె తిరిగొచ్చాక కాసేపు చుట్టూ తచ్చాడి, "ఆకలేస్తోందక్కా" అనేవాడు. అదే అతను చెప్పుకున్న క్షమాపణ.

అతన్నొక్కణ్ణే అని లాభం లేదు. మన ఇళ్లలో క్షమాపణ ఎప్పుడైనా అంతే. మొగుడు పెళ్లాన్ని నానా మాటలూ అనేసి, కాసేపయ్యాక "నా కళ్లజోడెక్కడ పెట్టావ్?" అంటాడు. ఆవిడ వెతికి ఇస్తే కేసు కొట్టేసినట్టే. పిల్లాణ్ణి కొట్టిన తల్లి "రా, తిందువుగాని" అంటుంది. సారీ అన్నది బయటివాళ్ల కోసం దాచిన మాట. బస్సులో కాలు తొక్కినవాడికి చెబుతాం, లైన్లో మోచెయ్యి తగిలినవాడికి చెబుతాం. సొంతవాళ్లకు చెబితే వాళ్లను వీధిలో నిలబెట్టినట్టుంటుందని మన భయం.

ఇంగ్లీషులో ఆ మాటకు ఉన్న హంగు వేరని అతనికి తెలిసింది ఉద్యోగంలో చేరాకే. చెప్పింది ట్రైనర్ మేడం. పొట్టి మనిషి, గట్టి గొంతు, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. ఒక మాట చేతికి దొరికితే దాని తాతముత్తాతల దాకా తవ్వనిదే వదిలేది కాదు. మొదటి వారంలోనే బోర్డు మీద సారీ అని పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసింది.

"మాట ఒకటే, పనులు ఐదు," అంది. "కాలు తొక్కితే చెప్పేది మొదటిది. అది పెదాల మీదే పుట్టి పెదాల మీదే పోతుంది. నిజంగా తప్పు చేసి చెప్పేది రెండోది. ఎవరింట్లోనో మనిషి పోతే చెప్పేది మూడోది. అక్కడ తప్పు మనది కాదు, మీ బాధ మాకూ తగిలింది అని చెప్పడం. నాలుగోది సరిగ్గా వినపడనప్పుడు. దానికి చివర్లో తోక ఎత్తాలి. సారీ? అంటే, ఏమన్నారూ, మళ్లీ చెప్పండీ అని. ఇక ఐదోది నోటితో చెప్పేది కాదు, మనిషికి ముందు తగిలించేది. సారీ మనిషి అన్నారనుకోండి, క్షమాపణ చెప్పే మనిషి అనుకుని మురిసిపోకండి. దేనికీ కొరగాని దీనుడు అని అర్థం."

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

మేడం అక్కడితో ఆగలేదు. "దీని పుట్టుక తెలుసా? సోర్ అని పాత మాటొకటుంది. పుండు, సలుపు అని అర్థం. ఒళ్లు పుండైనవాడు సారీ. అంటే నోట్లోంచి మాట రాకముందే లోపల ఎక్కడో సలపాలన్నమాట. సారో అని ఇంకో మాట ఉంది, దుఃఖం. ఈ రెండూ అక్కాతమ్ముళ్లని అందరూ అనుకుంటారు, ముక్కూ మొహం ఒకటేలా ఉంటాయి కదా. ఒక కడుపున పుట్టినవి కాదు. పక్కపక్కన బతికీ బతికీ పోలికలొచ్చాయంతే."

ఇంత చెప్పి, చివరికి వాళ్లకు నేర్పింది మాత్రం ఈ ఐదింటిలో ఏదీ కాదు. కంపెనీ లాయర్లు చూసి, తూచి ఇచ్చిన వాక్యం వేరే ఉంది. తెలుగులో మాట్లాడేవాళ్లకు తెలుగులోనే చెప్పాలి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అండి." తప్పు అన్న మాట ఆ హాల్లో ఎవరి నోటా రాకూడదు. తప్పు మాదే అంటే రేపు కోర్టులో అదే మెడకు చుట్టుకుంటుంది. చింతిస్తే ఎవరి మెడకూ చుట్టుకోదు. ఆ వాక్యం అయ్యాక "ఇంకేమైనా సహాయం కావాలా అండి?" అని అడగాలి, ఒక్క క్షణం ఆగాలి, లైను కట్ చేసే బటన్ నొక్కాలి. కొన్నేళ్లకు నాలుకా వేలూ ఒకదానికొకటి ఎంత అలవాటు పడ్డాయంటే, ఆ పనికి అతని అవసరం కూడా లేకుండా పోయింది.

అక్కాబావలది సంచులు బాగుచేసే కొట్టు. ఒక పాత మేడ మెట్ల కింద, ముందు ఎత్తుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ వంగిపోయే ఇరుకు గది. బావ ముందు కూర్చుని పట్టకారుతో జిప్పులు సరిచేసేవాడు. అక్క వెనక కుట్టుమిషన్ మీద తెగిన పట్టీలు కుట్టేది. లేచి నిలబడితే తలకు మెట్టు తగులుతుందని, ఆమె కూర్చునే అన్ని పనులూ చేయడం నేర్చుకుంది. "జిప్పు పళ్లు అంత తొందరగా పాడవవు బామ్మర్దీ," అనేవాడు బావ. "నడిపే రన్నరే వదులైపోతుంది. జనం పళ్లను చూసి జిప్పు మొత్తం పారేస్తారు." రన్నర్ని పట్టకారుతో రెండు పక్కలా కొంచెం నొక్కి, సర్రుమని లాగి చూపించేవాడు. లోకంలో సగం సమస్యలకు అదే మందని ఆయన సిద్ధాంతం.

బావకు బామ్మర్దిని ఏడిపించడం కంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. సంచి తెచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "మా బామ్మర్ది సారీలు అమ్ముతాడండీ. చీరలు కాదు, ఉత్త సారీలే. అరువు కూడా ఇస్తాడు." కంపెనీ ఫిర్యాదుల నంబరుకు ఒక బాణీ కట్టి, జిప్పు లాగుతూ పాడేవాడు. వినీ వినీ అక్కకు కూడా అది నోటికొచ్చేసింది.

కొత్తలో అతను ఆ ఐదు సారీలనూ ఈ కొట్టులోనే సాధన చేశాడు. అక్కకు నాలుగోది తెగ నచ్చింది. కుట్టుమిషన్ చప్పుడులో ఆమెకు ఎలాగూ సగం మాటలు వినపడవు. అంతకుముందు "ఆఁ?" అనేది, అప్పట్నుంచి మిషన్ ఆపి, గడ్డం కాస్త పైకెత్తి, "సారీ?" అనేది. మెట్లెక్కిపోయే దొరసానిలా ఉండేది ఆ అనడం. బావ పట్టకారు కింద పెట్టి పడీ పడీ నవ్వేవాడు. బావ "నీ పెళ్లెప్పుడోయ్" అని అడిగినప్పుడల్లా అతను కూడా గడ్డం ఎత్తి "సారీ?" అనేవాడు. ముగ్గురి మధ్యా అదొక ఆట అయిపోయింది.

ఆ బావే ఒక మధ్యాహ్నం పట్టకారు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. మెట్లు దిగుతున్నవాళ్లు సాయం పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెళ్లేసరికే అంతా అయిపోయింది.

ఆఫీసులో ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయట అల్మారాలో పెట్టి తాళం వేయాలి. అక్క ఆసుపత్రి వసారాలో నిలబడి తమ్ముడి ఫోన్‌కు చేసి చేసి, చివరికి నోటికొచ్చిన ఆ కంపెనీ నంబరే నొక్కింది. ఆ సంగీతమంతా విన్నది, ఒకటి నొక్కమంటే ఒకటి నొక్కింది, రెండు నొక్కమంటే రెండు నొక్కింది. ఎవరో అమ్మాయి పలికితే, వెన్నగొంతని మీ దగ్గర ఉంటాడమ్మా, అతనికివ్వు అంది. ఆ అమ్మాయి పాత కస్టమరెవరో అనుకుని లైను కలిపేసింది.

"ఒరేయ్," అంది అక్క. "మీ బావ పోయాడ్రా."

అతను అన్నాడు, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అండి. ఇంకేమైనా సహాయం కావాలా అండి?"

గొంతు గుర్తుపట్టలేదని చెప్పుకునే వీలుంటే సగం సిగ్గు తగ్గేది. కానీ గుర్తుపట్టాడు. 'ఒరేయ్' దగ్గరే గుర్తుపట్టాడు. మాట అర్థమైంది కూడా. అర్థమైన ఆ క్షణంలో లోపల ఏదో కూలబడితే, పారిపోయి దాక్కోవడానికి దొరికిన తలుపు చాటు ఆ వాక్యం ఒక్కటే. నోరు మూతపడ్డాక గానీ తను ఏమన్నాడో చెవికి చేరలేదు. "అక్కా!" అని కేక వేశాడు. అప్పటికి లైన్లో ఎవరూ లేరు. అక్క ఫోన్ పెట్టేసింది అనుకున్నాడు. పెట్టేయక ఏం చేస్తుంది మరి?

పరుగున వెళ్లాడు. చేయాల్సినవన్నీ చేశాడు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, అందరితో మాట్లాడాడు. అక్క అతని వంక చూడలేదు. దుఃఖంలో ఉంది పాపం, తమ్ముణ్ణి చూస్తే ఏడుపు ఆగదని చూడటం లేదు అన్నారు చుట్టాలు. అతను తల ఊపాడు. అలా తల ఊపినందుకు ఇంకా సిగ్గేసింది.

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అలాగని మూగనోము పట్టలేదు, అది ఆమె పద్ధతి కాదు. గదిలో లేని మూడో మనిషికి చెప్పడం మొదలుపెట్టింది. అతను కొట్టుకు వెళ్తే, గోడకేసి చూస్తూ "ఆ స్టూలు మీద కూర్చోమను" అనేది. కాసేపటికి "మంచినీళ్లు కావాలేమో అడుగు" అనేది. వెళ్లేటప్పుడు "తలుపు దగ్గరికేసి వెళ్లమను" అనేది. ముప్పై ఏళ్లుగా ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగనివాడికి ఆ మను, మను అనేది చెంపదెబ్బకంటే గట్టిగా తగిలేది. అయినా వారం వారం వెళ్లేవాడు. వెళ్లి ఏం చేసేవాడు? బల్బు మార్చేవాడు. కుట్టుమిషన్‌కు నూనె వేసేవాడు. "తిన్నావా అక్కా" అనేవాడు. అంటే చిన్నప్పటి ఆకలేస్తోందక్కాకు వయసొచ్చిందన్నమాట, అంతే.

ఆఫీసులో మాత్రం వెన్న గడ్డకట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే వాక్యం అదే మెత్తదనంతో ఊరందరికీ చెబుతూనే ఉన్నాడు. మానేద్దామంటే చేతిలో ఇంకో విద్య లేదు.

ఆ కంపెనీలో ఫోన్లన్నీ రికార్డు చేస్తారు. నెలకోసారి అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి, కంప్యూటర్ తనకు తోచిన నాలుగు కాల్స్ ఏరి ఇస్తే, సూపర్‌వైజర్ అవి వినిపించి తప్పొప్పులు చెబుతాడు. కొన్ని నెలల తర్వాత అలాంటి ఒక రోజున, ఒక మెషీన్ గొడవా, ఒక వారంటీ గొడవా అయ్యాక, "ఇప్పుడు మన వెన్నగొంతుది. జాగ్రత్తగా వినండి, గొంతు ఎలా పట్టాలో తెలుస్తుంది" అని సూపర్‌వైజర్ బటన్ నొక్కాడు. ఆ సూపర్‌వైజర్ కూడా దాన్ని ముందుగా విన్నవాడు కాదు.

"ఒరేయ్. మీ బావ పోయాడ్రా."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అండి. ఇంకేమైనా సహాయం కావాలా అండి?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అర్థమయ్యాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. సూపర్‌వైజర్ ఆపబోయి ఇంకేదో నొక్కాడు. వెన్నగొంతు తల నేలకు వాలిపోయింది. ఒంటి మీద చొక్కా లేనట్టుగా ఉంది. భూమి చీలితే బాగుండునని ఊరికే అంటాం గానీ, అతను నిజంగానే కాళ్ల కింది గచ్చును చూస్తున్నాడు.

రికార్డింగు ఇంకా నడుస్తోంది. ఒక్క క్షణం ఏమీ లేదు. వెనక దూరంగా ఆసుపత్రి స్ట్రెచర్ చక్రాల చప్పుడు. ఆ తర్వాత అక్క గొంతు, చిన్నగా, చివర తోక ఎత్తి.

"సారీ?"

తర్వాత టక్‌మని చప్పుడు. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. అది అవతలివాళ్లు పెట్టేస్తే వచ్చేది కాదు, ఇవతల బటన్ నొక్కితే వచ్చేది.

అక్క ఫోన్ పెట్టేయలేదు. తన చెవులు తప్పు విన్నాయేమో అనుకుంది. మిషన్ చప్పుడులో సగం మాటలు పోగొట్టుకునే మనిషి కదా, ఇదీ అలాంటిదే అనుకుంది. మళ్లీ చెప్పరా అని అడిగింది. మొగుడి శవం లోపల ఉండగా వసారాలో నిలబడి తమ్ముడికి ఇంకో అవకాశం ఇచ్చింది. అతను ఆమె ముఖం మీదే లైను కోసేశాడు.

గదిలోంచి ఒక్కొక్కరూ నెమ్మదిగా లేచి వెళ్లిపోయారు. ట్రైనర్ మేడం మాత్రం వెనక్కి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "ఆవిడ నాలుగోది అడిగారు," అంది.

"నేను ఐదోది మేడం," అన్నాడు అతను.

ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ కాసేపు అక్కడే కూర్చుంది.

అక్క కొట్టుకు వెళ్లే దారంతా అతను మాటలు వెతుక్కున్నాడు. సారీ అంటే అది తన కొట్టు సరుకు, ఇన్నేళ్లుగా ఊరందరికీ అమ్మిందే. క్షమించు అంటే నాటకంలో కిరీటం పెట్టుకున్నవాడు అన్నట్టుంటుంది. ఇక మిగిలింది తప్పైపోయింది. అది మన తెలుగువాడి తెలివి. తప్పు దానంతటదే అయిపోతుంది, వాన పడ్డట్టు, పాలు పొంగినట్టు. చేసినవాడు ఎక్కడా కనపడడు. లాయర్ల వాక్యానికీ దీనికీ తేడా ఏముంది? ఒకదాంట్లో మనిషి మేము అనే గుంపులో దాక్కుంటాడు, ఇంకోదాంట్లో అసలు ఉండనే ఉండడు. ఏ మాట పట్టుకున్నా అందులో ఒక తలుపు చాటు కనిపిస్తోంది అతనికి.

కొట్టులో అక్క ఒక్కతే మిషన్ తొక్కుతోంది. బావ కూర్చునే చోట పట్టకారు, రన్నర్ల డబ్బా అలాగే ఉన్నాయి. నెత్తిమీద ఎవరో దడదడా మెట్లు దిగారు.

"స్టూలు మీద కూర్చోమను," అంది అక్క, గోడకేసి.

అతను కూర్చోలేదు. నిలబడబోతే మెట్టు తలకు తగిలింది. వంగి అలాగే నిలబడ్డాడు. "అక్కా, ఆ రోజు ఫోన్లో..." అన్నాడు.

మిషన్ ఆగలేదు. పట్టీ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కుట్టుకుంటూ పోతోంది. "చింతిస్తున్నాం అన్నారుగా," అంది గోడతో. "ఎంతమంది చింతించారో కనుక్కుని చెప్పమను. వాళ్ల బావ పోతే చింతించడానికి పెద్ద గుంపే వచ్చినట్టుంది. నాకు మాత్రం ఒక్కడూ కనపళ్లేదు."

అతని మొహం కాలిపోయింది. వెనక్కి తిరిగి, తలుపు దగ్గరికేసి వెళ్లిపోవడానికి కాళ్లు సిద్ధంగా ఉన్నాయి. చిన్నప్పట్నుంచి వాటికి తెలిసింది అదొక్కటే.

"ఎవరూ లేరక్కా," అన్నాడు. వెన్న లేదు ఆ గొంతులో, బొంగురుగా వచ్చింది. "నేనొక్కణ్ణే. నీ గొంతని తెలుసు. తెలిసే అన్నాను. భయమేసింది. నువ్వు మళ్లీ చెప్పమని అడిగావు. ఇవాళ విన్నాను. నేనే కట్ చేశాను. తప్పు అయిపోలేదు, నేను చేశాను. నేనే చేశాను అక్కా."

నేనే చేశాను. చిన్నప్పుడు అతని బదులు అక్క చెప్పిన మాట అది. అతని నోటి నుంచి రావడం ఇదే మొదటిసారి.

మిషన్ చక్రం ఇంకో చుట్టు తిరిగి నెమ్మదించింది. అక్క అరచేత్తో దాన్ని ఆపింది. గదిలో చప్పుడంటూ ఏదీ లేదు. మెట్ల మీద కూడా ఎవరూ నడవడం లేదు. ఆమె అతని వైపు తిరిగింది, ఇన్ని నెలల్లో మొదటిసారి. కళ్లు నిండి ఉన్నాయి. గడ్డం కొంచెం పైకెత్తింది.

"సారీ?" అంది.

వినపడకపోవడానికి అక్కడ కారణమేమీ లేదు. అతనికది తెలుసు. తలుపు వెనకే తెరిచి ఉంది, అదీ తెలుసు. అతను స్టూలు లాక్కుని, ఆమెకు ఎదురుగా కూర్చుని, మొదటి మాట నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.